మాంగా, కామిక్స్ గీతలకు కంప్యూటర్‌లో రంగులు వేయడం: విశాఖ అభ్యాసకులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో సొంతంగా కామిక్స్ గీసుకుంటూ, వాటికి రంగులు ఎలా వేయాలని అడిగే విద్యార్థుల కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఈ పుట రాశాను. ఏ బటన్ ఎక్కడ ఉందో చూపించే వీడియోలు కావలసినన్ని దొరుకుతున్నాయి. అందువల్ల ఏ పని ఏ వరుసలో చేయాలి, ఆ వరుస ఎందుకు అన్న విషయాల మీదే ఇక్కడ ఎక్కువగా నిలిచాను.

మాంగా నలుపు తెలుపుల్లోనే వస్తుంది కదా, దానికి రంగులు అవసరమా?

అవసరం లేదు. మాంగా అంటే జపాన్ కామిక్స్. అక్కడ వారపత్రికలు చవక కాగితం మీద, తక్కువ వ్యవధిలో, వందల పేజీలతో అచ్చవుతాయి కనుక కథ నలుపు తెలుపుల్లో నడుస్తుంది. మొదటి కొన్ని పేజీలకు మాత్రం అప్పుడప్పుడు రంగు దక్కుతుంది. ఆ పరిమితిలోంచే బూడిద రంగులా కనిపించే చుక్కల టోన్లు, దట్టమైన సిరా మచ్చలు, వేగాన్ని చూపే గీతలు ఒక సంపూర్ణమైన భాషగా ఎదిగాయి. అలా పూర్తయిన పేజీ మీద రంగు వేస్తే చాలాసార్లు అది అదనపు బరువే అవుతుంది. అయినా ఈ ప్రయత్నం కొత్తది కాదు. కత్సుహిరో ఒటోమో గీసిన ‘అకిరా’ను 1988 నుంచి అమెరికాలో మార్వెల్ వారి ఎపిక్ శాఖ రంగుల్లో ప్రచురించింది, ఆ రంగులను స్టీవ్ ఓలిఫ్ కంప్యూటర్ మీదే వేశారు. ఇప్పుడు ఫోన్‌లో పైనుంచి కిందికి జరుపుతూ చదివే కామిక్స్ ఎక్కువగా రంగుల్లోనే వస్తున్నాయి.

కాబట్టి రంగు వేయాలా వద్దా అన్నది సిరా పెట్టకముందే తేల్చుకోవలసిన విషయం. రంగు వేయదలచుకున్న పేజీలో టోన్లు పెట్టకండి, నీడలను సిరాతో నింపకండి. జుట్టును పూర్తిగా నల్లగా పూయకుండా గీతల్లోనే వదలండి. గీత ఎంత తేలికగా ఉంటే రంగుకు అంత చోటు దొరుకుతుంది.

కాగితం మీద గీసిన బొమ్మను ఎలా స్కాన్ చేయాలి?

600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), గ్రేస్కేల్‌లో (బూడిద ఛాయల్లో) స్కాన్ చేసి, పీఎన్‌జీగా గానీ టిఫ్‌గా గానీ భద్రపరచండి. ఏ4 కాగితం ఈ లెక్కన 4960 × 7016 పిక్సెళ్ల ఫైల్ అవుతుంది. జేపెగ్‌గా దాచితే గీత అంచుల చుట్టూ కంటికి సరిగా ఆనని మురికి చేరుతుంది. తరువాత రంగు నింపేటప్పుడు ఆ మురికి వల్లే అంచుల్లో చుక్కలు చుక్కలుగా తెల్ల ఖాళీలు మిగులుతాయి.

నీలి పెన్సిల్‌తో చిత్తు గీసి పైన సిరా పెట్టే అలవాటు ఉన్నవారు గ్రేస్కేల్‌కు బదులు కలర్‌లో స్కాన్ చేసి, అందులోంచి నీలం ఛానల్‌ను (బొమ్మలోని నీలం వెలుగు పాలును) మాత్రమే వేరుగా తీసుకోండి. నీలి గీతలు ఆ ఛానల్‌లో దాదాపు తెల్లగా మారిపోతాయి, సిరా మాత్రం నల్లగానే నిలుస్తుంది. రబ్బరు పెట్టి చెరిపే శ్రమ తప్పుతుంది.

మన ఊరి గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకోవాలి. వర్షాకాలంలో కాగితం అలలు తిరుగుతుంది. స్కానర్ మూత వేసినా అద్దానికి పూర్తిగా అతుక్కోదు, లేచిన చోట బూడిద రంగు నీడ పడుతుంది. గీసిన కాగితాలను రాత్రంతా లావుపాటి పుస్తకాల కింద ఉంచి, స్కాన్ చేసేటప్పుడు మూత మీద బరువు పెడితే చాలావరకు సరిపోతుంది. సముద్రానికి దగ్గరగా, పెదవాల్తేరులోనో లాసన్స్ బే కాలనీలోనో ఉండేవారు స్కానర్ అద్దాన్ని వారానికోసారి పొడి గుడ్డతో తుడవడం మంచిది.

స్కానర్ లేనివారు ఫోన్‌తో ఫొటో తీయవచ్చు. పగటి పూట కిటికీ పక్కన, ఫోన్‌ను కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయాలి. సాధనకు అది చాలును గానీ అచ్చుకు చాలదు.

స్కాన్ చేసిన గీత మసకగా, కాగితం పసుపుగా కనిపిస్తోంది. ఎలా శుభ్రం చేయాలి?

లెవెల్స్ అనే సాధనంలో నలుపు బిందువును కుడివైపుకు, తెలుపు బిందువును ఎడమవైపుకు జరపండి. కాగితపు పొర పూర్తి తెలుపు కావాలి, సిరా పూర్తి నలుపు కావాలి. అయితే సన్నని గీతలు తెగిపోయే దాకా జరపకూడదు. కనురెప్పల వెంట్రుకలు, వేళ్ల మధ్య గీతలు మొదట తెగేవి. కనుక ఆ చోటును పెద్దది చేసి చూస్తూ జరపండి.

గీత పాడవకుండా దాని కింద రంగు వేయడం ఎలా?

రెండు దారులున్నాయి. మొదటిది, గీత ఉన్న లేయర్‌ను (ఒకదాని మీద ఒకటి పరిచే పొరల్లో ఒకదాన్ని) పైన ఉంచి దాని బ్లెండ్ మోడ్‌ను (కింది పొరతో కలిసే తీరును) మల్టిప్లైకి మార్చడం. ఈ మోడ్‌లో పై లేయర్ విలువను కింది లేయర్ విలువతో గుణించి 255తో భాగిస్తారు. తెలుపు విలువ 255 కనుక కాగితం ఉన్న చోట కింది రంగు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. నలుపు విలువ 0 కనుక గీత ఉన్న చోట ఏ రంగైనా నలుపే అవుతుంది. అరక్షణంలో అయిపోయే పని ఇది.

రెండవది, తెలుపును పూర్తిగా తొలగించి గీతను మాత్రమే పారదర్శకమైన లేయర్ మీద నిలపడం. క్లిప్ స్టూడియో పెయింట్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ప్రకాశాన్ని పారదర్శకతగా మార్చే ఆదేశం ఉంది. ఉచిత సాఫ్ట్‌వేర్లయిన క్రిటాలోనూ గింప్‌లోనూ ‘కలర్ టు ఆల్ఫా’ అదే పని చేస్తుంది. ముందు ముందు గీతకే రంగు మార్చవలసి వస్తుంది కనుక నేను రెండవ దారినే సూచిస్తాను. ఏ దారి పట్టినా గీత లేయర్‌కు తాళం వేయండి. గీత మీద పొరపాటున రంగు పూసి, పని సగమయ్యాక గమనించినవారు ఎంతోమంది.

ఫ్లాట్స్ అంటే ఏమిటి? వాటి మీద అంత సమయం ఎందుకు పెట్టాలి?

నీడలు, మెరుపులు ఏవీ లేకుండా ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క చదునైన రంగుతో నింపడాన్ని ఫ్లాట్స్ వేయడం అంటారు. ముఖం ఒకటి, జుట్టు ఒకటి, చొక్కా ఒకటి, చొక్కా గుండీలు ఒకటి, వెనుక గోడ ఒకటి. అమెరికా కామిక్స్ రంగంలో ఈ పనికే వేరుగా డబ్బు తీసుకునే ఫ్లాటర్లు ఉంటారు. వారు విడదీసి ఇచ్చిన ఫైల్ మీద కలరిస్ట్ అసలు రంగులు నిర్ణయిస్తారు. కొత్తగా నేర్చుకునేవారు ఈ దశను విసుగుపుట్టించే కూలిపనిగా చూసి తొందరగా దాటేస్తారు. నా అభిప్రాయం దానికి పూర్తిగా విరుద్ధం: పేజీ నాణ్యతలో సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది.

ఎందుకంటే, ఫ్లాట్స్ లేయర్ వేసేది చివరికి కనిపించే రంగు కోసం కాదు, ఎంపిక కోసం. మ్యాజిక్ వాండ్‌తో (ఒకే రంగున్న చోటును ఎంపిక చేసే పరికరంతో) ఒక చోట నొక్కగానే ఆ భాగం మొత్తం, ఆ భాగం మాత్రమే ఎంపిక కావాలి. అలా జరిగితే చొక్కాను నీలం నుంచి ఎరుపుకు మార్చడం క్షణాల పని. జరగకపోతే ప్రతి మార్పుకూ అంచుల వెంట బ్రష్ పట్టుకుని తిరగాలి.

అందుకు కొన్ని పద్ధతులు తప్పనిసరి. ఫ్లాట్స్ వేసే పరికరం ఏదైనా, చేత్తో చుట్టి ఎంపిక చేసే లాస్సో అయినా, నొక్కితే రంగు నింపే బకెట్ అయినా, పెన్సిల్ అయినా, అంచులను మెత్తగా చేసే యాంటీ అలియాసింగ్‌ను ఆపి ఉంచాలి. అది ఉంటే రెండు రంగుల సరిహద్దులో మధ్యస్థపు రంగు పిక్సెళ్లు పుడతాయి. ఎంపిక చేసినప్పుడు అవి ఏ పక్షానికీ చెందక సన్నని అంచుగా మిగిలిపోతాయి. మ్యాజిక్ వాండ్ టాలరెన్స్‌ను (ఎంత తేడా ఉన్న రంగును కలుపుకోవాలో చెప్పే అంకెను) 0 వద్ద ఉంచాలి. రంగు గీత అంచు దగ్గర ఆగిపోకుండా గీత కిందికి, దాని మధ్య దాకా వెళ్లాలి. లేకపోతే గీతకూ రంగుకూ మధ్య తెల్లని వెంట్రుకవాసి ఖాళీ మిగిలి, అచ్చులో అదే ముందుగా కంటపడుతుంది. క్లిప్ స్టూడియోలో నింపే ప్రాంతాన్ని కొన్ని పిక్సెళ్ల మేర పెంచే అమరిక ఉంది, క్రిటా బకెట్‌లోనూ ఉంది. 600 డీపీఐ పేజీకి 3, 4 పిక్సెళ్లతో మొదలుపెట్టి గీత మందాన్ని బట్టి సరిచూసుకోండి.

ఈ దశలో రంగులు అందంగా ఉండనవసరం లేదు. ముఖం పచ్చగా, చీర బూడిదగా ఉన్నా నష్టం లేదు. పక్కపక్కన ఉన్న రెండు భాగాలకు ఒకే రంగు రాకుండా చూసుకుంటే చాలు. వెనుక ఉన్నవాటితో మొదలుపెట్టి ముందుకు రండి: ఆకాశం, కొండ, గోడ, మనిషి, చేతిలోని సంచి. ముందున్న వస్తువు వెనుకదాన్ని కప్పుకుంటూ వస్తుంది కనుక వెనుకవాటి అంచులను జాగ్రత్తగా కత్తిరించే పని తగ్గుతుంది.

బకెట్‌తో నొక్కితే పేజీ మొత్తం నిండిపోతోంది. ఎందుకు?

గీతలో ఎక్కడో తెగిన చోటు ఉంది. గీతను బలవంతంగా కలిపేయవద్దు. ఆ ఖాళీ చిత్రకారుడు కావాలని వదిలినది కావచ్చు, బ్రష్‌తో గీసేవారి బొమ్మల్లో ఊపిరంతా ఆ ఖాళీల్లోనే ఉంటుంది. క్లిప్ స్టూడియో బకెట్‌లో ఖాళీలను మూసినట్లుగా భావించే అమరిక ఉంది. గింప్ 2.10.10లో, అంటే 2019 నుంచి, గీతను గుర్తించి నింపే పద్ధతి బకెట్‌లోనే చేరింది. క్రిటాలోని కలరైజ్ మాస్క్ మరో రకం: ప్రతి భాగంలోనూ కావలసిన రంగుతో ఒక చిన్న గీత గీస్తే సరిహద్దులను అదే ఊహించి నింపుతుంది. ఇవేవీ కుదరకపోతే లాస్సోతో చేతిమీదుగా చుట్టండి. కొద్దిరోజుల్లో లాస్సోయే వేగంగా అనిపిస్తుంది.

రంగులు ఎలా ఎంచుకోవాలి? నా పేజీ జాతర బట్టల దుకాణంలా ఉందంటున్నారు.

ప్రతి వస్తువుకూ దాని ‘సొంత’ రంగు, అదీ పూర్తి గాఢతతో ఇవ్వడం వల్ల అలా అవుతుంది. చెట్టు పచ్చన, ఆకాశం నీలం, బస్సు ఎరుపు, అన్నీ ఒకే గొంతుతో అరుస్తుంటే పాఠకుడి కన్ను ఎక్కడ ఆగాలో తేల్చుకోలేదు. ఒక సన్నివేశానికి రెండు మూడు రంగుల కుటుంబాన్ని నిర్ణయించి, గాఢమైన రంగును ఒకే ఒక చోట, కథ ఆ ప్యానెల్‌లో (పేజీలోని గడిలో) ఎక్కడ నడుస్తోందో అక్కడ వాడండి.

దానికన్నా ముఖ్యమైన పరీక్ష ఒకటుంది. పేజీ మొత్తాన్ని తాత్కాలికంగా నలుపు తెలుపుల్లోకి మార్చి, చిన్నది చేసి చూడండి. మనిషి వెనుక గోడలో కలిసిపోతే రంగులెంత వేరుగా ఉన్నా పేజీ చదవబడదు. కన్ను మూడు రంగులనూ ఒకే వెలుగుగా గ్రహించదు; ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 చొప్పున బరువు కట్టే ప్రసిద్ధమైన లెక్క ప్రకారం, పూర్తి ఎరుపు బూడిద రంగులో 76గా, పూర్తి ఆకుపచ్చ 150గా, పూర్తి నీలం 29గా తేలుతాయి. అందుకే ముదురు నీలం గోడ ముందు నల్ల జుట్టు కనిపించకుండా పోతుంది, పసుపు గోడ ముందు లేత చొక్కా కరిగిపోతుంది. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు చందమామకు వేసిన ముఖచిత్రాలను ఇలా నలుపు తెలుపుల్లోకి మార్చి, ప్రధాన పాత్ర చుట్టూ వెలుగు చీకట్లు ఎలా అమరాయో పరిశీలించడం మంచి అభ్యాసం, వ.పా. సంతకం చూసి పేజీ తిప్పేయకండి.

చామనఛాయ చర్మానికి నీడ వేస్తే బూడిద పూసినట్లు వస్తోంది. ఏం చేయాలి?

దొరికే పాఠాల్లో చాలా వరకు లేత చర్మానికి రాసినవి. వాటిని అలాగే అనుసరిస్తే మన పాత్రలు రోగిష్ఠిగా కనిపిస్తారు. బూడిదతనం సాధారణంగా మెరుపులోంచి వస్తుంది: గోధుమ రంగు మీద తెలుపును పలుచగా పూస్తే గాఢత చచ్చిపోతుంది. ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) విలువల్లో మూల రంగు 150, 98, 66 అనుకుంటే, వెలుగు పడిన చోటుకు తెలుపు కలపకుండా 200, 140, 95 వంటి వెచ్చని రంగును నేరుగా వేయండి. నీడకు 88, 54, 49 వంటి ఎరుపు వైపు మొగ్గిన రంగు సరిపోతుంది. చెవి అంచు, ముక్కు కొన, వేళ్ల కణుపులు, మోకాళ్లు మరికాస్త ఎర్రగా ఉంటాయి. అరచేతులు, అరికాళ్లు లేతగా ఉంటాయి. ఉక్కపోతలో చెమట పట్టిన నుదుటి మీద, భుజం మీద మెరుపుకు మాత్రం లేత నీలం వాడవచ్చు, ఎందుకంటే అక్కడ మనకు కనిపించేది చర్మపు రంగు కాదు, ప్రతిఫలించిన ఆకాశం. ఆ మెరుపు చిన్నదిగా, అంచు గట్టిగా ఉండాలి.

ఒకే కుటుంబంలోని అక్కాచెల్లెళ్లకు కూడా ఒకే చర్మం రంగు వేయనవసరం లేదు. పాత్రలు వేరుగా గుర్తుపట్టడానికి అది జుట్టు ముడి కన్నా ఎక్కువగా ఉపకరిస్తుంది.

నీడలు ఎక్కడ వేయాలో తెలియడం లేదు. విశాఖ సన్నివేశాలకు ప్రత్యేకంగా ఏమైనా గమనించాలా?

ముందు సాధారణ పద్ధతి. ఫ్లాట్స్ పైన ఒక కొత్త లేయర్ తీసుకుని, మల్టిప్లైలో పెట్టి, నీలం మొగ్గిన లేత ఊదా రంగుతో, ఉదాహరణకు 150, 140, 190తో, అన్ని నీడలనూ ఆ ఒక్క లేయర్ మీదే వేయండి. 200, 180, 120 విలువలున్న లేత పసుపు చొక్కా ఆ నీడలో 118, 99, 89గా మారుతుంది. ముదురైంది, దానితో పాటు పసుపు కూడా తగ్గింది. పేజీలోని అన్ని వస్తువుల మీదా ఒకే నీడ రంగు పనిచేయడం వల్ల అవన్నీ ఒకే గాలిలో ఉన్నట్లు కుదురుకుంటాయి. మాంగా శైలికి అంచు గట్టిగా ఉన్న ఒకే మెట్టు నీడ నప్పుతుంది. మెత్తని బ్రష్‌తో ప్రతి అంచునూ గుండ్రంగా మార్చే అలవాటు, దురదృష్టవశాత్తు, చాలామందికి మొదట అలవడేది. అది గీత చేసిన పనిని మళ్లీ చేస్తూ, పాత్రలను ప్లాస్టిక్ బొమ్మలుగా మారుస్తుంది.

ఇక మన ఊరి విషయం. సినిమాల్లో, వాల్‌పేపర్లలో చూసిన అలవాటుతో ఆర్కే బీచ్ సన్నివేశంలో సముద్రంలోకి దిగుతున్న సూర్యుణ్ణి వేసేవారు ప్రతి బృందంలోనూ ఉంటారు. మన సముద్రం తూర్పున, ఆగ్నేయాన ఉంది. సూర్యుడు నీళ్లలోంచి లేచి సాయంత్రం ఊరి వెనుక కొండల్లోకి దిగుతాడు. ఈ ఒక్క విషయం నీడలన్నిటినీ నిర్ణయిస్తుంది. బీచ్ రోడ్డు మీద నిలబడి సముద్రం వైపు చూస్తున్న ప్యానెల్ అనుకోండి. ఉదయం ఆరున్నరకైతే పాత్రలు వెలుగుకు అడ్డంగా నిలిచి ముదురు ఆకారాలవుతారు, జుట్టు అంచునా భుజం అంచునా సన్నని వెచ్చని గీత మెరుస్తుంది, నీడలు పాఠకుడి వైపు సాగుతాయి. అదే ప్యానెల్ సాయంత్రమైతే వెలుగు పాఠకుడి వీపు వైపు నుంచి వస్తుంది. పాత్రల వీపులు బంగారు రంగులో వెలుగుతాయి, నీడలు నీళ్ల వైపు పొడవుగా పడతాయి, సముద్రం వైపు తిరిగిన ముఖాలు నీడలో ఉంటాయి. ఆకాశం కూడా మారుతుంది. పొద్దు గుంకిన కాసేపటికి, నిర్మలంగా ఉన్న రోజున, సముద్రం మీద దిగంతానికి ఆనుకుని బూడిద నీలం పట్టీ, దానిపైన గులాబీ పట్టీ కనిపిస్తాయి. కింద ఉన్న నీలం భూమి నీడ. దాన్ని యథాతథంగా వేస్తే చాలు, పాఠకుడు చోటును గుర్తుపడతాడు.

ఇసుకను పసుపుగా వేయడం మరో అలవాటు. మన తీరంలో ఇసుక గోధుమ రంగులో ఉంటుంది; ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాల వల్ల అల వెనక్కి వెళ్లిన చోట నల్లని, ఎర్రని చారలు తేలుతాయి. తడి ఇసుక రెండు మూడు మెట్లు ముదురు, పైగా ఆకాశపు రంగును అద్దంలా చూపుతుంది. పొడి ఇసుక ఆ పని చేయదు. ఆ రెండింటి మధ్య గట్టి అంచు గీయండి.

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు గీసేవారు నీడకు నలుపు కలపకుండా వంగపండు రంగు వైపు వెళ్లాలి. అక్కడ నిలబడిన మనిషి తెల్ల చొక్కా కింది భాగం తెల్లగా ఉండదు. నేల మీద పడిన ఎండ ఎర్రగా తిరిగి పైకి తగులుతుంది. దూరపు కొండలకు తేమ పొర ఉందని మరవకండి. రుషికొండ తీరం నుంచి డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు చూస్తే దాని ఆకుపచ్చ కనబడదు, బూడిద నీలమే కనబడుతుంది. దానికి గీత కూడా నల్లగా ఉండకూడదు.

గీతకు రంగు వేయవచ్చా?

వేయవచ్చు, పొదుపుగా. పారదర్శకంగా విడదీసిన గీత లేయర్‌లో పారదర్శకతకు తాళం వేసి బ్రష్ పూస్తే గీత మాత్రమే రంగు మారుతుంది; కామిక్స్ పనివారు దీన్ని కలర్ హోల్డ్ అంటారు. దూరపు కొండలు, మబ్బులు, మంటలు, గాజు, అద్దంలోని ప్రతిబింబం, గతంలో జరిగిన సన్నివేశం, ఇవి దానికి తగిన చోట్లు. ముందున్న పాత్ర ముఖపు గీతలన్నిటినీ గోధుమ రంగుకు మార్చేస్తే బొమ్మ మెత్తబడి బలం పోతుంది.

టోన్లు ఉన్న పాత పేజీకి రంగు వేయాలంటే?

టోన్ అంటే బూడిద రంగు కాదు, నల్లని చుక్కల వరుస. అంగుళానికి 60 వరుసలది బాగా వాడుకలో ఉన్నది. ఆ పేజీని చిన్నది చేస్తే చుక్కలకూ పిక్సెళ్లకూ పొత్తు కుదరక మోయిరే అనే అలల నమూనా పుడుతుంది. చుక్కల మీద మల్టిప్లైతో రంగు పడితే మాసినట్లు కనిపిస్తుంది. తొలగించాలంటే 600 డీపీఐలో ఉండగానే చుక్కలు కలిసిపోయేంత మాత్రమే బ్లర్ ఇచ్చి, లెవెల్స్‌తో ఆ బూడిదను తెలుపు చేసి, దెబ్బతిన్న గీతలను చేత్తో మళ్లీ దిద్దాలి. ఒక్కో ముఖానికి చాలా సమయం పడుతుంది. డిజిటల్‌గా గీసేవారు టోన్లను వేరే లేయర్‌లో ఉంచితే ఈ బాధే లేదు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఏ సాఫ్ట్‌వేర్, ఏ టాబ్లెట్ కొనాలి?

మొదట ఏ సాఫ్ట్‌వేరూ కొనకండి. క్రిటా ఉచితం, తెలుపు తీసేయడం నుంచి అచ్చుకు కావలసిన సీఎంవైకే (నాలుగు సిరాల రంగుల పద్ధతి) దాకా అందులో ఉన్నాయి. ఏడాది తరువాత కూడా ఆసక్తి నిలిస్తే క్లిప్ స్టూడియో గురించి ఆలోచించవచ్చు. తెర లేని మామూలు పెన్ టాబ్లెట్, మధ్యస్థ పరిమాణంలో, సరిపోతుంది. తెర ఉన్నది కొంటే పాప మెడ వంచి కూర్చోవడం తప్ప రంగులు మెరుగుపడవు. నిజానికి ఫ్లాట్స్ మౌస్‌తోనూ వేయవచ్చు. డబ్బు ఉంటే ర్యామ్ మీద పెట్టండి: 600 డీపీఐ ఏ4 పేజీలో పూర్తిగా నిండిన ఒక్క కలర్ లేయర్ 100 మెగాబైట్లకు పైగా జ్ఞాపకశక్తిని తీసుకుంటుంది. 8 జీబీతో నెట్టుకు రావచ్చు, 16 జీబీ ఉంటే హాయి.

కృత్రిమ మేధ ఒక్క నొక్కుతో రంగులు వేస్తుంటే ఇదంతా నేర్చుకోవాలా?

గీతకు దానంతట అదే రంగు వేసే పరికరాలు కొత్తవి కాదు. జపాన్‌లో పెయింట్స్‌చైనర్ 2017లోనే వచ్చింది, క్లిప్ స్టూడియోలోనూ ప్రయోగాత్మకంగా అటువంటి సౌకర్యం ఉంది. ఒంటరి బొమ్మకు అవి చూడముచ్చటైన ఫలితం ఇస్తాయి. కామిక్స్‌కు కావలసింది వేరు: మూడవ ప్యానెల్‌లో ఊదా రంగు ఓణీ వేసుకున్న అమ్మాయి పదకొండవ ప్యానెల్‌లోనూ అదే ఓణీతో ఉండాలి, వెలుగు అదే వైపు నుంచి రావాలి. దిద్దుబాటుకు వీలైన ఫ్లాట్స్ లేకుండా కలిసిపోయిన రంగులు చేతికి వస్తే, వాటిని సరిచేయడం కన్నా మొదటి నుంచి వేసుకోవడమే సులువని నా అనుభవం.

పేరున్న మాంగా పేజీలకు రంగు వేసి ఆన్‌లైన్‌లో పెట్టవచ్చా?

ఇంట్లో సాధనకు వేసుకోవడం వేరు, ప్రచురించడం వేరు. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం ఒక చిత్రాన్ని పునర్ముద్రించే హక్కు, ప్రజలకు అందించే హక్కు, దాన్ని మార్చి కొత్త రూపమిచ్చే హక్కు హక్కుదారుకే చెందుతాయి. రచయిత జీవించినంత కాలం, ఆ తరువాత 60 ఏళ్లు ఆ రక్షణ ఉంటుంది. ‘డబ్బు తీసుకోవడం లేదు’, ‘అసలు కళాకారుడి పేరు రాశాను’ అన్నవి అనుమతికి బదులు కావు. పోర్ట్‌ఫోలియోకు (మీ పని నమూనాల సంకలనానికి) పనికొచ్చే దారి ఒకటే: బాగా గీసే స్నేహితుల దగ్గర గీతలు అడిగి తీసుకోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం లలిత కళల విభాగం వైపు నాలుగు రోజులు తిరిగితే గీసేవారు దొరుకుతారు, రంగులు వేసేవారి కోసం వారూ చూస్తుంటారు.

తెలుగు సంభాషణలున్న బుడగలకు రంగు వేయాలా?

తెల్లగా వదిలేయండి. తెలుగు అక్షరాలకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. చిన్న పరిమాణంలో ఆ సన్నని మలుపులు నిలవాలంటే వెనుక గరిష్ఠమైన తెలుపు కావాలి. వరుసల మధ్య ఎడం కూడా ఎక్కువ ఇవ్వాలి కనుక బుడగలను గీసేటప్పుడే నిలువుగా పెద్దవి గీయమని చిత్రకారుణ్ణి కోరండి. అక్షరాలు ఎప్పుడూ వేరే లేయర్‌లో, అక్షరాలుగానే ఉండాలి. రంగుల్లో కలిపేస్తే ఒక్క అచ్చుతప్పు దిద్దడానికి బుడగ మొత్తం తుడవాలి.

కరెంటు పోతే?

ఆటోసేవ్‌ను ఐదు నిమిషాలకు పెట్టుకోండి, యూపీఎస్ ఉంచుకోండి, ఫైళ్ల నకలు ఇంటి బయట ఎక్కడో ఒకచోట ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన ఊరు మనది, ఇంతకన్నా వివరించనక్కరలేదు.

ఫోన్ కోసం తయారుచేసిన పేజీనే ప్రెస్‌కు ఇవ్వవచ్చా?

నేరుగా ఇవ్వకూడదు. ఫోన్‌కు ఎస్‌ఆర్‌జీబీ అనే తెర రంగుల పద్ధతిలో, తక్కువ వెడల్పుతో ఇస్తాం. ఎవరైనా తమ కామిక్స్ పెట్టుకోగల వెబ్‌టూన్ కాన్వాస్ సైట్‌లోనైతే ఒక్కో ముక్క 800 × 1280 పిక్సెళ్లకు మించకూడదు. అచ్చుకు పూర్తి పరిమాణపు ఫైల్, సీఎంవైకే రంగులు, కత్తిరింపు కోసం నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల అదనపు రంగు కావాలి. తెర మీద మెరిసే నీలం, నియాన్ ఆకుపచ్చ, గాఢమైన గులాబీ సిరాల్లో దొరకవు; ముఖ్యంగా పూర్తి నీలం ఊదాగా దిగిపోతుంది. అందుకని రంగులు ఎంచుకునేటప్పుడే సాఫ్ట్ ప్రూఫ్ (అచ్చులో ఎలా వస్తుందో తెర మీదే చూపే అమరిక) తెరిచి చూస్తుండాలి.

నల్ల గీతల విషయంలో ప్రెస్‌వారితో ముందే మాట్లాడండి. ఆర్‌జీబీ నుంచి మామూలుగా మార్చేస్తే నలుపు నాలుగు సిరాల మిశ్రమమవుతుంది. ఒక్కో సిరాను అచ్చువేసే ప్లేట్లు కొద్దిగా పక్కకు జరిగినా ప్రతి గీతకూ రంగు అంచు కనిపిస్తుంది, తెలుగు ఒత్తులైతే పూడిపోతాయి. గీతలు, అక్షరాలు నల్ల సిరా ఒక్కదానితోనే, 100 శాతంతో, కింది రంగులను చెరపకుండా వాటి మీదే పడేలా (ఓవర్‌ప్రింట్) ఉండాలి. పెద్ద నల్లని ఆకాశం వంటి చోట్ల ఇతర సిరాలు కలపవచ్చు గానీ, ఆర్ట్ పేపర్ మీద నాలుగు సిరాల శాతాలనూ కూడితే సుమారు 300 దాటకూడదు. సాదా కాగితానికి ఇంకా తక్కువే. దాటితే సిరా ఆరదు, వర్షాకాలంలో మరీను, ఒక కాగితం మరకలు ఇంకో కాగితం వెనుక దిగుతాయి. డాబాగార్డెన్స్ ప్రాంతంలోనైనా మరెక్కడైనా, మొత్తం ప్రతులకు ఒప్పుకునే ముందు అసలు వాడబోయే కాగితం మీదే ఒక పేజీ ప్రూఫ్ తీయించి, దాన్ని ట్యూబ్‌లైట్ కింద కాకుండా పగటి వెలుతురులో చూడండి. చూడవలసినవి రెండు: నీడలో ఉన్న ముఖాలు కనిపిస్తున్నాయా, అన్నిటికన్నా చిన్న బుడగలోని ఒత్తులు చదవడానికి వీలవుతున్నాయా.